నీడ లేని ముఖం: రూపచిత్రణలో రింగ్ ఫ్లాష్ – ఇందూరు, బోధన్ చెరకు ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కెమెరా లెన్సు చుట్టూ వలయంగా అమర్చే రింగ్ ఫ్లాష్ ముఖం మీద నీడ పడనివ్వదని ప్రసిద్ధి. ఈ లక్షణాన్నే గుణంగా భావించి స్టూడియో చిత్రకారులు, వార్తాచిత్రకారులు, ఇటీవల సెల్‌ఫోను వాడకందార్లు దానిని, దాని పోలికలోని ఎల్.ఇ.డి. దీపాలను ఆదరిస్తున్నారు. రింగ్ ఫ్లాష్ నీడను తొలగించదనీ, చూపు మధ్యనుంచి అంచులకు జరుపుతుందనీ, ఆ జరుపుడులో ముఖం వ్యక్తిరూపం నుంచి పరీక్షావస్తువుగా మారుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నిజామాబాదు పట్టణంలోని బీడీ కార్మికురాలి ముఖం, గల్ఫ్ వలస కార్మికుని పాస్‌పోర్టు ఫోటో, బోధన్ చెరకు ప్రాంతపు శ్రామికుని ముఖం ఈ చర్చకు ఆధారాలు.

కీలక పదాలు: ఛాయ, రూపచిత్రం, రింగ్ ఫ్లాష్, చామనచాయ, బీడీ కార్మికులు, నిజాం షుగర్ ఫ్యాక్టరీ, బోధన్.

ఛాయ అనే మాట

ఐరోపా భాషల్లో ఫోటోగ్రాఫ్ అనే మాటకు గ్రీకు ధాతువుల ప్రకారం వెలుగుతో రాసినదని అర్థం. అదే వస్తువుకు తెలుగులో స్థిరపడిన పేరు ఛాయాచిత్రం. ఒకరు వెలుగు పేరు పెట్టిన చోట మరొకరు నీడ పేరు పెట్టారు. ఛాయకు నీడ అన్నదొక్కటే అర్థం కాదు. ప్రతిబింబం, పోలిక, శరీరవర్ణం కూడా ఛాయలే. సంస్కృత నాటకాలలో ప్రాకృత సంభాషణకు పక్కన ఇచ్చే సంస్కృతరూపాన్ని సైతం ఛాయ అనే వ్యవహరిస్తారు. సూర్యుని తేజస్సును భరించలేని సంజ్ఞ తన నీడకు ప్రాణం పోసి, దానిని తన స్థానంలో నిలిపి వెళ్ళిపోయిందని పురాణకథ. ఎదురుగా మీద పడే వెలుగును తట్టుకోలేనప్పుడు మనిషి తనకు బదులుగా ఒక రూపాన్ని నిలబెట్టి తాను తప్పుకోవడం ఆ కథలో ఉంది. ఫ్లాష్ ముందు కూర్చుని ముఖకండరాలు బిగించుకునే మనిషి చేసే పని కూడా ఇంచుమించు అదే.

ఇన్ని అర్థాలను మోసే మాటలో పుట్టిన కళకు నీడలేమిని ఆదర్శంగా చెప్పే పరికరం ఏ విధంగా సరిపడుతుందన్నది ఆలోచించవలసిన విషయం. రింగ్ ఫ్లాష్ విషయంలో ఛాయ అనే మాటలోని రెండు అర్థాలు, అంటే నీడ, ఒంటి రంగు, ఒకేసారి సంకటంలో పడతాయి.

దంతవైద్యుని దీపం

రింగ్ ఫ్లాష్ సౌందర్యం కోసం పుట్టినది కాదు. 1952లో అమెరికాలో లెస్టర్ డైన్ దానిని దంతవైద్య ఛాయాచిత్రణ కోసం రూపొందించాడు. నోటి లోపలి భాగాన్ని చిత్రించేటప్పుడు పక్కనుంచి వచ్చే వెలుగును పెదవులు, చెంపలు అడ్డుకుంటాయి. వెలుగు లెన్సు చుట్టూరా ఉంటే, లెన్సు ఎక్కడికి చూడగలదో వెలుగు అక్కడికి చేరుతుంది. పదేళ్ళకు, 1962లో, నికాన్ సంస్థ వలయాకారపు దీపాన్ని లెన్సులోనే పొదిగి మెడికల్ నిక్కోర్ అనే 200 మిల్లీమీటర్ల లెన్సును తెచ్చింది. దాని పేరే దాని ప్రయోజనాన్ని చెబుతుంది. గాయం, పుండు, పన్ను, శస్త్రచికిత్స జరుగుతున్న అవయవం దాని వస్తువులు. ఫ్యాషన్ పత్రికలు ఈ వెలుగును తమ అవసరాలకు తీసుకున్నది ఆ తర్వాతే.

ఈ పుట్టుక కేవలం చరిత్రలో ఒక ముచ్చట కాదు. చూసే కన్నూ వెలిగించే దీపమూ ఒకే అక్షం మీద ఉండటం ఈ పరికరానికి ప్రాణం. కిటికీ పక్కన కూర్చున్న మనిషి మీద పడే వెలుతురు కెమెరాకు చెందినది కాదు. అది ఆ గదికి, ఆ పొద్దుకు చెందినది. రింగ్ ఫ్లాష్ వెలుగు మాత్రం చూసేవాని దగ్గరనుంచే బయలుదేరి చూసేవాని దగ్గరికే తిరిగి వస్తుంది. మూడో సాక్షి లేదు.

నిజాం రాజ్యంలో రూపచిత్రణ సంప్రదాయం దీనికి భిన్నమైన వెలుగులో మొదలైంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) సికిందరాబాదు స్టూడియోకైనా, 1892లో స్త్రీల కోసం హైదరాబాదులో నెలకొల్పిన జనానా స్టూడియోకైనా ఆ కాలపు పద్ధతి ప్రకారం పగటి వెలుతురే ఆధారం. తెరలు జరిపి, వెలుతురును ఒక పక్కకు మళ్ళించి, ముఖంలో సగానికి నెమ్మదిగా చీకటిని అద్దే పద్ధతి అది. అక్కడ కూర్చున్నవారు నవాబులు, దొరలు, బేగంలు. నీడ వారికి గౌరవచిహ్నం. ముఖంలో కొంత భాగాన్ని చూడనివ్వకపోవడం హోదాలో భాగం. వలయపు వెలుగు అటువంటి దాపరికాన్ని ఒప్పుకోదు. కాబట్టి అది ప్రజాస్వామికమైన వెలుగు అన్న వాదం ఒకటి సాధ్యమే. అందరి ముఖాలకూ ఒకే కొలత, ఎవరికీ చాటు లేదు. ఆ వాదం ఎంతవరకు నిలుస్తుందో తేల్చాలంటే ముందు ఆ వెలుగు ముఖం మీద ఏం చేస్తుందో చూడాలి.

నీడ ఎక్కడికి పోతుంది?

ముఖం బంతి వంటిది అనుకుంటే, కెమెరాకు సూటిగా తిరిగి ఉన్న భాగం మీద వెలుగు నిలువుగా పడి ఎక్కువగా తిరిగివస్తుంది. చెంప పక్కకు తిరిగే కొద్దీ అదే వెలుగు ఏటవాలుగా పడి పలచబడుతుంది. అందువల్ల రింగ్ ఫ్లాష్ చిత్రంలో నుదురు, ముక్కుదూలం, చెంపల ముందుభాగం మెరుస్తాయి. దవడ అంచు, కణతలు, మెడ పక్కలు నల్లబడతాయి. ముఖానికి చుట్టూ సన్నని చీకటి గీత గీసినట్టు ఉంటుంది. వెనుక గోడ దగ్గరగా ఉంటే తల చుట్టూ గోడ మీద కూడా అన్ని వైపులా ఒక నల్లని అంచు ఏర్పడుతుంది. మనిషి గోడకు ఆనుకుంటే అది సన్నగా, స్పష్టంగా ఉంటుంది. ముందుకు జరిగితే వెడల్పై, మసకై, కరిగిపోతుంది. ఇందూరు అనగానే 1940లలో దాశరథి జైలు గోడల మీద బొగ్గుతో రాసిన పద్యాలు గుర్తుకు వచ్చే సాహిత్య విద్యార్థికి ఆ అంచు బొగ్గుగీతను స్ఫురింపజేస్తే ఆశ్చర్యం లేదు. తేడా ఏమిటంటే ఇక్కడ గీత గీస్తున్నది గోడ ముందున్న మనిషి కాదు, ఎదుటివాడు.

నీడ మాయం కాలేదన్నది దీనివల్ల స్పష్టం. పోయినది ముఖం మధ్యలోని నీడ: కనుబొమల కింద, ముక్కు పక్కన, కింది పెదవి దిగువన ఉండేది. ముడతలను లోతుగా చూపేది, వయసును చెప్పేది, ముఖంలో శ్రమ మిగిల్చిన గుంటలను పట్టిచ్చేది ఆ నీడే. రింగ్ ఫ్లాష్‌కు రంగు తెలుస్తుంది, ఎత్తుపల్లం తెలియదు. బీడీలు చుట్టే వేళ్ళను ఈ వెలుగులో చిత్రిస్తే పొగాకు పట్టించిన గోధుమరంగు మచ్చ నిక్కచ్చిగా కనిపిస్తుంది, కాని కాయకాచిన చర్మపు మందం కనిపించదు. చెరకు ఆకు కోసిన గీతలు రంగు మారి ఉంటే తెలుస్తాయి, కంటికొసల్లో ఎండకు పడ్డ ముడతలు పూడిపోతాయి. కాబట్టి ఈ పరికరాన్ని పూర్తిగా మంచిదనో చెడ్డదనో తేల్చడం కంటే, చూపదలచినది మరకా లేక గుంటా అని అడగడం విమర్శకు ఉపయోగకరం.

నీడలేమి అంతటా ఒకటే కాదన్నది కూడా గమనించాలి. రిచర్డ్ అవెడన్ 1979–84 మధ్య అమెరికా పశ్చిమ ప్రాంతంలో గని కార్మికులను, చమురు బావుల పనివారిని తెల్లని కాగితం ముందు నిలబెట్టి చిత్రించాడు. ఆ ముఖాల మీద గాఢమైన నీడలు లేవు. కాని అక్కడి వెలుగు భవనపు నీడపట్టున ఆకాశం నుంచి వచ్చినది. అది పైనుంచి మెత్తగా దిగి బొగ్గుమసిని, ఎముకను, అలసటను వేరువేరుగా చూపింది. నేపథ్యాన్ని తుడిచివేశాడన్న నింద అవెడన్ మీద ఉండవచ్చు, ముఖాన్ని చదును చేశాడన్న నింద మాత్రం చెల్లదు. రింగ్ ఫ్లాష్ చేసే చదునుకు కారణం నీడ లేకపోవడం కాదు, వెలుగు దారీ చూపు దారీ ఒకటి కావడం.

చామనచాయ

రంగు విషయానికి వస్తే చిక్కు మరింత బిగుస్తుంది. చర్మం మీద పడిన వెలుగులో నూటికి నాలుగైదు వంతులు పైపొర నుంచే అద్దంలో లాగా తిరిగివస్తాయి. ఈ మెరుపు మెలనిన్ మీద ఆధారపడదు; నల్లని చర్మానికీ తెల్లని చర్మానికీ దాదాపు సమానం. లోపలికి వెళ్ళి చెదిరి వచ్చే వెలుగు మాత్రం చర్మవర్ణాన్ని బట్టి మారుతుంది. చామనచాయ ముఖంలో ఆ రెండవ వెలుగు తక్కువ కనుక మొదటి మెరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి నూనె, చెమట తోడైతే నుదుటి మీద, ముక్కు మీద తెల్లని చుక్కలు తేలతాయి. వేసవిలో నిజామాబాదులో చెమట లేని ముఖాన్ని కోరడం అత్యాశే.

ఈ మెరుపుకు స్టూడియోలో సాధారణంగా పౌడరు అద్దుతారు, లేదా ఎక్స్‌పోజర్ పెంచి ముఖమంతటినీ ఆ చుక్కల స్థాయికి తెల్లబరుస్తారు. మిగిలిన పనిని కంప్యూటరు పూర్తిచేస్తుంది. రెండవ పద్ధతికి గిరాకీ ఎక్కువ. పెళ్ళిసంబంధం కోసం తీయించే ఫోటోలో అమ్మాయి తెల్లగా రావాలన్న కోరికను ఛాయాగ్రాహకుడు కల్పించలేదు, కాని ఆ కోరిక తీరే మార్గాన్ని ఈ దీపం సుగమం చేసింది. వెలుగుకు, లెన్సుకు తగిన పోలరైజింగ్ ఫిల్టర్లను అడ్డంగా అమర్చి మెరుపును మాత్రమే తొలగించి, నిజమైన వర్ణాన్ని నిలుపుకునే పద్ధతి ఉంది. చర్మవైద్యులు దానిని వాడతారు. రోగాన్ని చూపడానికి చామనచాయను ఉన్నదున్నట్టు కాపాడే శ్రద్ధ వైద్యచిత్రణలో ఉండి, అందాన్ని చూపే స్టూడియోలో లేకపోవడం విచిత్రం.

పాస్‌పోర్టు, బీడీ కట్ట

నిజామాబాదు నుంచి గల్ఫ్ దేశాలకు వలస దశాబ్దాలుగా సాగుతున్నది. దుబాయికో, సౌదీకో వెళ్ళే మనిషికి ఊరు దాటకముందే ఒక ముఖం తయారు కావాలి. తెల్లని నేపథ్యం, ముఖం మీదా వెనుకా నీడ లేకపోవడం, సమానమైన వెలుగు, కళ్ళలో ఎరుపు, చర్మం మీద మెరుపు చుక్కలు లేకపోవడం ప్రయాణపత్రాల చిత్రాలకు అంతర్జాతీయంగా అనుసరించే నియమాలు. నీడ లేకపోవడమే గీటురాయి అయితే రింగ్ ఫ్లాష్ ఈ పనికి సరిపోవాలి. నిజానికి సరిపోదు. మెరుపు చుక్కల సంగతి పైన చెప్పినదే. ఎర్రకన్ను రెండవ దోషం. కంటి వెనుకపొర నుంచి వెలుగు వచ్చిన దారినే తిరిగివస్తుంది కాబట్టి దీపం లెన్సుకు దగ్గరగా ఉన్నంత వరకు అది లెన్సులో పడుతుంది. అరచేతి వెడల్పు వలయం అర మీటరు దూరంలో ఉన్నప్పుడు కోణం సరిపడా ఉండి ఈ దోషం తెలియదు. రెండు మీటర్లకు జరిగితే, ముఖ్యంగా చీకటి గదిలో కనుపాప విప్పారి ఉంటే, కళ్ళు ఎర్రబడతాయి. యంత్రం గుర్తుపట్టవలసిన ముఖానికి కూడా వలయం తగినది కాదన్నమాట. ముఖానికి రెండు పక్కలా సమదూరంలో రెండు గొడుగు దీపాలు పెట్టే పాతపద్ధతే ఇక్కడ మేలు.

ఇప్పుడు దుకాణాల్లో రింగ్ లైట్ పేరుతో అమ్ముతున్న పెద్ద ఎల్.ఇ.డి. వలయాలది వేరే జాతి. వాటి వెలుగు నిలకడగా ఉంటుంది కనుక కనుపాప ముడుచుకుంటుంది, కంటి నల్లగుడ్డు పెద్దదిగా కనిపిస్తుంది, దాని మీద తెల్లని చక్రం తేలుతుంది. ఆ చక్రం ఎవరి కంట్లో చూసినా ఒకటే. కిటికీ వెలుతురులో తీసిన చిత్రంలో కంట్లోకి తొంగిచూస్తే ఆ ఇంటి కిటికీ కనిపిస్తుంది. దీనిలో దీపం తయారీ కొలత మాత్రం కనిపిస్తుంది.

పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ వేల మంది స్త్రీలకు జీవనాధారమైన బీడీ పరిశ్రమ ఈ చర్చకు మరింత పదునైన ఉదాహరణ. అనేక బీడీ లేబుళ్ళ మీద యజమాని రూపచిత్రం దశాబ్దాలుగా అచ్చవుతూ వచ్చింది. తలపాగాతోనో టోపీతోనో, అండాకారపు చట్రంలో, ఒక పక్క నీడతో ఉండే స్టూడియో ముఖం అది. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు కట్టల ముందు వెనుక భాగాలలో 85 శాతాన్ని ఆరోగ్య హెచ్చరిక ఆక్రమించాలన్న నిబంధన వచ్చిన తర్వాత వ్యాధి సోకిన నోరు, గొంతు చిత్రాలు ఆ లేబుళ్ళను ఆక్రమించాయి. అది వైద్యచిత్రణ శైలి: నీడ లేదు, పేరు లేదు, కళ్ళు చాలాసార్లు చట్రానికి బయట ఉంటాయి. ఒకే సరుకు మీద రూపచిత్రణకు చెందిన రెండు కొసలు కలిశాయి. నీడ ఉన్నది సొమ్ము గలవానికి, నీడ లేనిది రోగికి. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టిన స్త్రీ ముఖం ఈ రెండింటిలోనూ లేదు. ఆమె ముఖం ఉండేది 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమనిధి చట్టం కింద ఇచ్చే గుర్తింపు కార్డు మీద. అది తపాలాబిళ్ళంత రుజువు.

ఆమెను ఇప్పుడు ఒక ఛాయాగ్రాహకుడు రింగ్ ఫ్లాష్‌తో చిత్రిస్తే ఆ చిత్రం ఏ పక్కన చేరుతుంది? పరికరపు పుట్టుకను బట్టి రోగి పక్కన. అందరినీ సమానం చేసే వెలుగు అన్న వాదం ఇక్కడ వీగిపోతుంది. యజమాని ముఖాన్ని ఎవరూ ఈ వెలుగులో అడగలేదు. తెలంగాణ పల్లె జీవితాన్ని దశాబ్దాల పాటు చిత్రించిన భరత్ భూషణ్ (మరణం 2022) వంటివారి కృషి చెప్పే ప్రత్యామ్నాయం వేరు. గడప, తలుపు, అరుగు, వాటి మీద పడే పొద్దు ఆ చిత్రాల్లో మనిషితో పాటు నిలుస్తాయి. బీడీలు చుట్టే స్త్రీ చాట ఒళ్ళో పెట్టుకుని వెలుతురు కోసం గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఆ వెలుతురును ఆమే ఎంచుకున్నది. దానిని రద్దుచేసి వేరే వెలుగు పెట్టేవాడు అందుకు ఒక కారణం చెప్పవలసి ఉంటుంది.

షక్కర్‌నగర్ ముందు

మంజీర మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీటితో బోధన్ ప్రాంతం చెరకు నేల అయింది. 1937లో షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరుపొందిన ఆ సంస్థ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటినుంచి బోధన్ గురించిన వార్తాకథనాల్లో ఒక చిత్రానికి అలవాటు ఏర్పడింది: తుప్పుపట్టిన యంత్రాలు, మూసిన గేటు, దాని ముందు పాత కార్మికుడు.

ఈ చిత్రాన్ని రింగ్ ఫ్లాష్ ప్రధాన వెలుగుగా సాయంత్రం వేళ తీస్తే ఏమవుతుందో లెక్క సులభం. బిందుదీపం వంటి చిన్న వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. మీటరు దూరంలోని ముఖానికి సరిపోయిన వెలుగులో నూరవ వంతు కూడా పది మీటర్ల వెనుకనున్న గేటుకు చేరదు. యాభై మీటర్ల వెనుక ఉన్న పొగగొట్టానికి చేరేది లెక్కకు రాదు. ముఖం వెలుగుతుంది, కర్మాగారం చీకటైపోతుంది. మనిషిని అతని పనిచోటు నుంచి ఒక మీట విడదీసినట్టు. మూతకు కారణాలను వెదకవలసిన చూపరి అతని చర్మాన్ని వెదుకుతాడు. ఆ ఒంటరితనమే చిత్రకారుని ఉద్దేశమైతే అది అర్థవంతం కావచ్చు. ఉద్దేశం కాకుండా జరిగితే ఆ చిత్రం ఫ్యాక్టరీని రెండోసారి మూసినట్టే.

ఇక్కడ మార్టిన్ పార్‌తో పోలిక పనికివస్తుంది. 1999 నాటి ‘కామన్ సెన్స్’లో అతడు దగ్గరి లెన్సుతో, రింగ్ ఫ్లాష్‌తో తిండిని, లిప్‌స్టిక్‌ను, ఎండకు కమిలిన చర్మాన్ని, చవక వస్తువులను కర్కశంగా చూపాడు. అతిభోగాన్ని వెక్కిరించే చూపుకు ఆ వెలుగు కుదిరింది. మిఠాయి తినేవాని నోటిని చూపిన వెలుగును చెరకు కొట్టేవాని ముఖానికి అలాగే తెస్తే వెక్కిరింపు కూడా దానితో పాటే వస్తుంది. సెబాస్టియావో సల్గాడో 1993 నాటి ‘వర్కర్స్’లో బ్రెజిల్, క్యూబా చెరకు కార్మికులను అందుబాటులో ఉన్న వెలుతురులోనే చిత్రించాడు. ఆ చిత్రాలు శ్రమను మరీ గంభీరం చేశాయన్న విమర్శ సమంజసమే. అయినా పొలం వాటిలో చెరిగిపోలేదు.

అయితే చెరకు పొలంలోనే రింగ్ ఫ్లాష్‌కు నిజమైన స్థానం ఒకటి ఉంది. క్రషింగ్ కాలం చలికాలంలో మొదలై ఎండలు ముదిరే దాకా సాగుతుంది. మిట్టమధ్యాహ్నం తలకు చుట్టిన రుమాలు కళ్ళ మీద గాఢమైన నీడ వేస్తుంది. సూర్యుణ్ణి ప్రధాన వెలుగుగా ఉంచి, వలయాన్ని ఆ నీడను పలచబరచడానికి మాత్రమే వాడితే, పక్కనుంచి పెట్టిన ఫ్లాష్ లాగా అది రెండవ నీడను పుట్టించదు. రుమాలు నీడ ఉంటుంది, అందులో కళ్ళూ ఉంటాయి. గైడ్ నంబర్ 14 గల సాధారణ మాక్రో రింగ్ ఫ్లాష్‌తో, ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/16 వద్ద, ముఖం మీది ఎండకన్నా ఒక స్టాప్ తక్కువగా నింపాలంటే దూరం సుమారు 1.2 మీటర్లు. అంతకు మించి వెనక్కు జరిగితే ఈ దీపం మధ్యాహ్నపు ఎండతో పోటీపడలేదు.

1.2 మీటర్లంటే రెండు బారెడుల దూరం కూడా కాదు. దూరం నుంచి పొడవాటి లెన్సుతో, అడగకుండా తీసే వీలును ఈ వెలుగు తీసివేస్తుంది. కొడవలి చేతిలో ఉన్న మనిషికి అంత దగ్గరగా వెళ్ళాలంటే ముందు పలకరించాలి, పేరు అడగాలి, ఎందుకు తీస్తున్నదీ చెప్పాలి, వద్దంటే వెనుదిరగాలి. అతడు ఒప్పుకుని రుమాలు సవరించుకుంటాడా, లేక పూర్తిగా తీసేసి నుదురు తుడుచుకుని నిలబడతాడా అన్నది అతని ఇష్టం. రుమాలు తీసేస్తే పూరించవలసిన నీడ తగ్గుతుంది, ఫ్లాష్‌ను మరో స్టాప్ తగ్గించుకోవాలి.